వీడియో ఒకటే, పెట్టే చోట్లు నాలుగు: తిరుపతి, చిత్తూరు చిన్న వ్యాపారులు ఏది ఎంచుకోవాలి?

పోయిన నెల శ్రీకాళహస్తి నుంచి ఒకామె మా షాపుకొచ్చింది. ఇంట్లోనే కలంకారీ వేస్తారు, అత్తగారి కాలం నుంచీ అదే పని. ఫోన్ తీసి తన రీల్స్ చూపించింది. వందకు పైనే ఉన్నాయి, కొన్నిటికి వేలల్లో చూపులు (వ్యూస్). "అన్నా, చూసేవాళ్ళు చూస్తానే ఉండారు. కొనేవాళ్ళు మాత్రం ఇంకెవరి దగ్గరో కొంటా ఉండారు. గూగుల్లో 'అసలైన కలంకారీ చీర ఎట్ల గుర్తుపట్టాల' అని అడిగితే నా వీడియో ఒక్కటీ రాదు. అచ్చు చీరలు అమ్మేవాళ్ళది వస్తాది" అంది.

పెళ్ళి వీడియోలతో మొదలుపెట్టి, ఇప్పుడు ఎక్కువగా దుకాణాలకీ ట్యూషన్లకీ లాడ్జీలకీ వీడియోలు ఎడిట్ చేసే పనిలో ఉన్నాను. ఈ మధ్య వచ్చేవాళ్ళంతా అడిగేది ఇదే. షార్ట్స్ చేయాలా, పెద్ద వీడియో చేయాలా? యూట్యూబ్ చాలా, సొంత వెబ్‌సైట్ కావాలా? ఏఐ ఇచ్చే జవాబుల్లో మన పేరు రావాలంటే ఏం చేయాలి? ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, కొంచెం వివరంగా.

ముందు ఒక తేడా తెలియాలి. మనిషికి వీడియో ఎదురుపడటం వేరు, మనిషే వెతుక్కుంటూ రావడం వేరు. గాంధీ రోడ్డులో నడుస్తుంటే కంటబడే బొమ్మల కొట్టు లాంటివి రీల్స్, షార్ట్స్. ఆగి చూస్తారు, నవ్వుతారు, వెళ్ళిపోతారు. వెతుక్కుంటూ వచ్చేవాడు అలా కాదు, చేతిలో చీటీ పట్టుకుని అడ్రసు అడుగుతూ వస్తాడు. ఆ చీటీ మీద రాసున్న మాట మన వీడియోలో ఎక్కడో ఒకచోట రాతగా ఉండాలి. ఏఐ జవాబుకైతే ఇది ఇంకా అవసరం. గూగుల్ వాళ్ళ ఏఐ జెమినై లాంటివి దృశ్యాన్ని కూడా అర్థం చేసుకోగలవు, కాదనను. కానీ లక్షల వీడియోల్లోంచి ఒకదాన్ని ఎంచి జవాబు పక్కన పెట్టాలంటే టైటిలు, వివరణ, సబ్‌టైటిల్స్, పేజీలోని రాత లాంటివే సులువుగా అందే ఆధారాలు. అందుకే నేను ఎంపికలన్నిటినీ ఒక్క ప్రశ్నతోనే తూకం వేస్తాను: ఇక్కడ పెడితే నా మాటలు ఎంతవరకు చదవబడతాయి?

షార్ట్స్, రీల్స్

వీటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరూ చేస్తున్నారు కాబట్టి. 2024 అక్టోబర్ 15 నుంచి యూట్యూబ్ షార్ట్ 3 నిమిషాల దాకా ఉండొచ్చు. మునుపు 60 సెకన్లే. ఇన్‌స్టాగ్రామ్ కూడా 2025 జూలై 10 నుంచి ప్రొఫెషనల్ ఖాతాల్లోని పబ్లిక్ పోస్టులూ రీల్సూ గూగుల్ లాంటి వాటిలో కనబడేలా తలుపు తెరిచింది. కాబట్టి రీల్ కింద మూడు ఎమోజీలు, పది హ్యాష్‌ట్యాగులు పెట్టి వదిలేయకుండా, అందులో ఏముందో రెండు వాక్యాలు తెలుగులో రాయండి. ఖర్చేం లేదు.

కానీ చూపుల లెక్క చూసి మురిసిపోకండి. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలవగానే ఒక చూపుగా లెక్కేస్తున్నారు. వేలు పెట్టి తోసేసినా లెక్కే. పైగా షార్ట్స్ వివరణలోనూ కామెంట్లలోనూ పెట్టే లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కితే తెరుచుకోవు. అందువల్ల షార్ట్‌కి "సంబంధిత వీడియో"గా మీ పెద్ద వీడియోని జోడించండి. అది మాత్రం పనిచేస్తుంది. నా దృష్టిలో షార్ట్ గోడమీద పోస్టరు లాంటిది. కొట్టు వేరే ఉండాలి.

యూట్యూబ్ పెద్ద వీడియో

మన ఊరి చిన్న వ్యాపారుల్లో చాలామందికి నేను మొదట చెప్పేది ఇదే. నాలుగు నుంచి ఎనిమిది నిమిషాల వీడియో, ఒక ప్రశ్నకు ఒకటి. "మా కలంకారీ ప్రపంచం" అని ఇరవై నిమిషాలు తీస్తే అది ఏ ప్రశ్నకూ జవాబు కాదు. "చేత్తో వేసిన కలంకారీ, అచ్చు కలంకారీ: తేడా ఎలా తెలుస్తుంది?" అన్నది ఒక ప్రశ్న. శ్రీకాళహస్తిలో కలంతో వేస్తారు, మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో వేస్తారు. రెండూ కలంకారీయే, దేని గౌరవం దానిది. గొడవల్లా మిషన్ మీద ముద్రించిన గుడ్డని చేతిపని అని అమ్మేవాళ్ళతోనే. ఈ మాట ఆమె ఏ రీల్‌లోనూ చెప్పలేదు. కొనేవాళ్ళు అడిగేది మాత్రం సరిగ్గా ఇదే.

ఇక్కడ యూట్యూబ్ ఇచ్చే బలమైన ఆయుధం చాప్టర్లు. వివరణలో సమయాలు రాస్తే చాలు, వీడియో ముక్కలుగా విడిపోతుంది, గూగుల్ ఆ ముక్క దగ్గరికే నేరుగా తీసుకెళ్ళగలదు. నియమాలు మూడే. మొదటిది 0:00తో మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ప్రతి ముక్కా కనీసం 10 సెకన్లు ఉండాలి. ఆమె వీడియోకి మేం రాసింది ఇలా:

0:00 చేతి కలంకారీకీ ముద్రణకీ తేడా ఒక్క మాటలో
0:35 రెండు నెమళ్ళు పక్కపక్కన పెట్టి చూడటం
1:50 గుడ్డ తిప్పి వెనక వైపు చూడటం
3:10 పాలు, కరక్కాయ వాసన ఎందుకు వస్తుంది
4:30 మొదటిసారి ఎలా ఉతకాలి

"ఇంట్రో", "పార్ట్ 1", "ముగింపు" అని రాసేవాళ్ళున్నారు. అవి చాప్టర్లు కావు, ఖాళీ డబ్బాల మీద చీటీలు. ప్రతి పేరూ ఎవరో ఒకరు ఫోన్లో టైపు చేసే మాటలా ఉండాలి.

ట్యాగుల మీద గంటలు పోయకండి. వాటి పాత్ర చాలా తక్కువని యూట్యూబే చెబుతుంది, జనం తప్పు స్పెల్లింగుతో వెతికే పేర్లకి పనికొస్తాయంతే. కలంకారీని ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు కాబట్టి ఆ నాలుగూ అక్కడ పెట్టాం, అయిపోయింది. హ్యాష్‌ట్యాగులు 60 దాటితే యూట్యూబ్ అన్నిటినీ పక్కన పెట్టేస్తుంది, ఇది కూడా చాలామందికి తెలీదు.

సొంత వెబ్‌సైట్‌లో ఒక పేజీ

యూట్యూబ్ వీడియోనే మీ పేజీలో పొదిగి, కింద చెప్పిన మాటలన్నీ రాతగా పెట్టడం. గూగుల్ అప్పుడు యూట్యూబ్‌లోని వీడియోనీ చూస్తుంది, మీ పేజీనీ చూస్తుంది. ఒక్కోసారి యూట్యూబ్ లింకే పైకి వస్తుంది, దానికి బాధపడకండి. పేజీ లాభం వేరే చోట ఉంది. ఏఐ సంస్థల క్రాలర్లు, అంటే వెబ్‌సైట్లు తిరిగి చదివే ప్రోగ్రాములు, వీడియో చూసినా చూడకపోయినా, పేజీలో నేరుగా ఉన్న రాత మాత్రం చదువుతాయి. "చదవండి" బటన్ నొక్కితేనే తెరుచుకునేలా దాన్ని దాచకండి.

ఒక మెలిక ఉంది. 2023 నుంచి గూగుల్ తన వీడియో ఫలితాల్లో, వీడియోనే ముఖ్యంగా ఉన్న పేజీలకు చోటిస్తోంది. పెద్ద వ్యాసం మధ్యలో ఎక్కడో వీడియో ఇరికిస్తే అది వ్యాసంగానే లెక్క. అందుకని వీడియో పైన, పెద్దగా, రాత దాని కింద. ఒక పేజీకి ఒక వీడియో. గూగుల్‌కి అర్థమయ్యేలా పేజీ కోడ్‌లో పెట్టే వివరాల్ని వీడియో స్కీమా అంటారు, అందులో తప్పనిసరివి మూడే: పేరు, థంబ్‌నెయిల్ చిరునామా, అప్‌లోడ్ చేసిన తేదీ. వర్డ్‌ప్రెస్ వాడేవాళ్ళకి ప్లగిన్‌లే ఆ పని చేసిపెడతాయి.

ఇది ఎవరికి? ఏడాదికోసారి మారని సమాచారం ఉండి, అమ్మే వస్తువు కొంచెం ఖరీదైనదై, కొనేవాడు నాలుగు రోజులు ఆలోచించే రకమైతే. చీరలు, ఇళ్ళ ప్లాన్లు, మామిడి మొక్కల నర్సరీ లాంటివి. టిఫిన్ సెంటర్‌కి సొంత వెబ్‌సైట్ అక్కర్లేదు. గూగుల్ మ్యాప్స్‌లో ఫోటోలూ టైమింగులూ సరిగ్గా పెట్టుకుంటే చాలు.

సొంత సర్వర్‌లో వీడియో ఫైలు

వద్దు. కోర్సులు డబ్బుకి అమ్మే కోచింగ్ వాళ్ళకి తప్ప దీని అవసరం నాకు కనపడలేదు. ఫైలు చిరునామా, థంబ్‌నెయిల్ చిరునామా మారకుండా నిలకడగా ఉంచాలి, నెట్ సన్నగా ఉన్న చోట వీడియో ఆడక చక్రం తిరుగుతూనే ఉంటుంది, హోస్టింగ్ బిల్లు వేరే. ఆ డబ్బుతో మంచి మైకు కొనండి.

చేత్తో చూపించి నోటితో చెప్పనిది

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎంపిక ఏదైనా, సగం వీడియోలు ఇక్కడే దెబ్బతింటున్నాయి.

ఆమె పాత వీడియో ఒకటి పెట్టి, శబ్దం మాత్రమే వినమన్నాను. "ఇదిగో ఇది తీసుకోని, ఇందులో ఇట్ల ముంచి, ఇట్ల పిండి, అక్కడ ఆరేస్తాం. ఆ తర్వాత దీంతో ఇట్ల గీస్తాం." కళ్ళతో చూస్తే చాలా బాగుంది. చెవితో వింటే ఏముంది? ఇది, అది, ఇట్ల, అట్ల. ఆ మాటల్ని రాతలో పెడితే చీరకీ, ఇడ్లీ పిండికీ తేడా తెలీదు. మనవాళ్ళం మాట్లాడేటప్పుడు చెయ్యే సగం వాక్యం పూర్తి చేస్తుంది. వెతికే యంత్రానికి ఆ చెయ్యి అందదు.

మళ్ళీ తీసినప్పుడు ఇలా చెప్పింది: "నేత గుడ్డని గేదె పాలు, కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచుతాం. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద పాకిపోదు. నల్ల రంగు కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో నానబెడతాం." చేతులు అవే పని చేశాయి. నోరు మాత్రం ఈసారి ప్రతి వస్తువుకీ పేరు పెట్టింది. ఇందులో ప్రతి వాక్యం విడిగా తీసి పెట్టినా అర్థమవుతుంది. ఏఐ జవాబు ఏరుకునేది అలాంటి వాక్యాన్నే, పైనా కిందా చూడకపోయినా తెలిసేదాన్ని.

జవాబు ముందు చెప్పడం ఇంకోటి. మన వీడియోలు "నమస్కారం అండి, ఛానల్‌కి స్వాగతం, ఇంకా సబ్‌స్క్రైబ్ చేయనివాళ్ళు..." అని ముప్పావు నిమిషం తింటాయి. ప్రశ్న చదివి, పదిహేను సెకన్లలో జవాబు చెప్పేసి, తర్వాత వివరించండి. "ఒకే నెమలి చీరలో రెండు చోట్ల వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే అది చేత్తో వేసింది కాదు." ఇది చెప్పాక నమస్కారం పెట్టుకోవచ్చు.

సబ్‌టైటిల్స్: యంత్రం రాసిందా, మనం దిద్దిందా?

ఆ వీడియో శబ్దాన్ని ఒక యాప్‌లో వేసి తెలుగు రాత తీశాను. కరక్కాయ కాస్తా కాకరకాయ అయి కూర్చుంది, నాలుగు చోట్ల. కలంకారీ చీర మీద కాకరకాయ పులుసు పోసినట్టుంది. ఆమె నవ్వింది గానీ, ఎవరైనా "కరక్కాయ కలంకారీలో ఎందుకు వాడతారు" అని అడిగితే ఆ వీడియో దొరకదు కదా.

కాబట్టి యంత్రం రాసింది పచ్చి సరుకు. పారేయక్కర్లేదు, దిద్దుకోవాలి. ఐదు నిమిషాల వీడియోకి మొదటిసారి గంట పట్టొచ్చు, అలవాటైతే ఇరవై నిమిషాలు. ముందు పేర్లు దిద్దండి: ఊర్లు, వస్తువులు, కొలతలు, ధరలు. మిగతా "అయితే", "మరి"ల్లో తప్పులున్నా కొంప మునగదు. దిద్దినదాన్నే వెబ్ పేజీ రాతగా వాడుకోవచ్చు, కాబట్టి ఒక పనికి రెండు ఫలితాలు. వెనకాల గట్టిగా భక్తి పాట పెట్టే అలవాటు మన తిరుపతి వీడియోల్లో మరీ ఎక్కువ. అది మాటని మింగేస్తుంది, పైగా కాపీరైట్ తలనొప్పి. పాట కావాలంటే మాట లేని చోట పెట్టండి.

యాస మార్చుకోవాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. మన యాసే మన గుర్తు. అయితే వస్తువు పేరు దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. మనం చెనిక్కాయలు అంటాం, కోస్తాలో వేరుశనగ అంటారు, హైదరాబాద్‌లో పల్లీలు. మన ఉర్లగడ్డ ఒకచోట బంగాళదుంప, ఇంకోచోట ఆలుగడ్డ. ఊరిబిండి అనే పచ్చడి చేసి చూపించే చిత్తూరు అమ్మాయి "చెనిక్కాయలు, అదే వేరుశనగ పప్పు, పల్లీలు" అని ఒక్కసారి అంటే చాలు, మూడు ప్రాంతాల వాళ్ళ వెతుకులాటకీ దొరుకుతుంది. తర్వాత వీడియో అంతా చెనిక్కాయలనే అనుకోండి.

టైటిలు: తెలుగు లిపా, ఇంగ్లీషు అక్షరాల తెలుగా?

వేలితో టైపు చేసేవాళ్ళు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. మైకు నొక్కి అడిగేవాళ్ళ మాట తెలుగు లిపిలో పడుతుంది. రెండు రకాలూ ఉన్నారు. నా పద్ధతి: టైటిలు తెలుగు లిపిలో, వస్తువు పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఒకసారి. వివరణ మొదటి రెండు వరుసల్లో అదే ప్రశ్న ఇంగ్లీషు అక్షరాల తెలుగులో. బెంగళూరు, చెన్నై నుంచి కొనేవాళ్ళు ఎక్కువైతే యూట్యూబ్‌లోనే టైటిలు, వివరణలకి ఇంగ్లీషు అనువాదం విడిగా చేర్చే వీలుంది, తెలుగు టైటిల్ని చెడగొట్టక్కర్లేదు.

టైటిల్‌కి హద్దు 100 అక్షరాలు. తెలుగులో ఇది కనిపించేదానికన్నా తొందరగా నిండిపోతుంది. "శ్రీకాళహస్తి" మన కంటికి ఐదు అక్షరాలు. కంప్యూటర్ మాత్రం గుణింతాలూ వత్తులూ విడదీసి పన్నెండుగా లెక్కేస్తుంది. ఫోన్‌లో ఎలాగూ టైటిలు తోక తెగిపోతుంది. అసలు మాట ముందు పెట్టండి, ఛానల్ పేరు చివర పెట్టండి, లేదా వదిలేయండి.

థంబ్‌నెయిల్ మీద నోరు తెరిచిన ముఖం, ఎర్ర బాణం పెట్టాలా అంటే, నాకు నచ్చదు. నా ఇష్టంతో పనిలేదు గానీ. యూట్యూబ్‌లోనే ఒక వీడియోకి మూడు థంబ్‌నెయిళ్ళ దాకా పెట్టి పరీక్షించే సదుపాయం ఉంది, ఏ బొమ్మ వల్ల ఎక్కువసేపు చూశారో అదే తేలుస్తుంది.

"ఏఐలో మీ పేరు తెప్పిస్తాం" అనేవాళ్ళు

చిత్తూరు వైపు మామిడి మొక్కలు అమ్మే ఒకాయన ఇలాంటి మాట నమ్మి ₹20,000 కట్టాడు. వాళ్ళు చేసింది ఆయన పాత వీడియోల వివరణల్లో అర్థంలేని పదాల మూట కుక్కడం. తోతాపురి మొక్క ఎన్నేళ్ళకి కాపుకొస్తుంది, ఎంత దూరంలో నాటాలి అని రైతులు అడిగేదానికి జవాబు ఒక్క వీడియోలోనూ లేదు.

గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూలు, అంటే వెతికితే ఫలితాల్లో ఏఐ రాసిచ్చే జవాబులు, మన దేశంలో 2024 ఆగస్టులో ఇంగ్లీషు, హిందీల్లో మొదలై ఆ తర్వాత తెలుగుకీ వచ్చాయి. వాటిలో కనిపించడానికి ప్రత్యేకమైన కోడ్ గానీ ఫైలు గానీ అవసరం లేదని గూగుల్ తన సూచనల్లో రాసింది. మామూలు వెతుకులాటలో పేజీ ఇండెక్స్ అయి (గూగుల్ జాబితాలోకి ఎక్కి), అందులోని రాత ముక్క ఫలితాల్లో చూపించడానికి వీలుంటే చాలు. మొదటి స్థానం గ్యారంటీ ఇచ్చేవాళ్ళని నమ్మొద్దని కూడా అదే సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. చాట్‌జీపీటీ వెతుకులాటలో మీ వెబ్‌సైట్ రావాలంటే చూడాల్సింది ఒకటుంది. ఏ క్రాలర్ రావొచ్చో, ఏది రాకూడదో చెప్పే మీ సైటు రోబోట్స్ ఫైల్‌లో (robots.txt), చాట్‌జీపీటీ వెతుకులాట కోసం తిరిగే ఓఏఐ-సెర్చ్‌బాట్‌ని ఎవరైనా అడ్డుకున్నారేమో కనుక్కోండి. శిక్షణ కోసం తిరిగే జీపీటీబాట్ వేరు, ఇది వేరు. ఒకదాన్ని ఆపి ఒకదాన్ని రానివ్వొచ్చు.

కొండ వీడియోలు చేసేవాళ్ళకి విడిగా ఒక మాట

తిరుపతిలో ఛానల్ పెట్టిన ప్రతివాడూ మొదట చేసేది దర్శనం టికెట్ల వీడియో. ₹300 టికెట్లు ఎప్పుడు విడుదల, గదులు ఎలా బుక్ చేయాలి. ఈ పోటీలోకి కొత్తగా దిగొద్దంటాను. ఆ సమాచారానికి అధికారిక మూలం టీటీడీ, తేదీ దాటగానే మీ వీడియో పాతబడుతుంది. అంతకన్నా చెడ్డది, పాత వీడియోలోని తేదీ ఏదో ఒక ఏఐ జవాబులోకి ఎక్కి, పాపం ఎక్కడినుంచో వచ్చిన ముసలివాళ్ళు లైన్లో నిలబడి తెల్లమొహం వేస్తారు.

లాడ్జీ, ట్రావెల్స్ వాళ్ళు మారని ప్రశ్నలు పట్టుకోవాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీనివాస మంగాపురం వైపు నుంచి వెళ్ళే శ్రీవారి మెట్టు దారిలో 2,388. అంకెలు అందరూ చెబుతారు. మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మకి ఏ దారి నయం, ఎక్కడ కూర్చోవచ్చు, అలిపిరి దారి చివర మోకాళ్ళ పర్వతం దగ్గర నిటారు ఎంతసేపు ఉంటుంది, పిల్లల్ని ఎత్తుకుని ఎక్కగలమా? ఇవి నడిచినవాడే చెప్పగలడు. నడిచి, తీసి, నోటితో చెప్పండి. తేదీలు మారే సంగతి వస్తే "ఈ వీడియో ఫలానా నెలలో తీశాం, టికెట్ల సంగతి టీటీడీ సైటులో చూసుకోండి" అని మాటలోనే అనండి, తెరమీద రాసి ఊరుకోకండి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

యూట్యూబ్ స్టూడియోలో ట్రాఫిక్ మూలాల్లోకి వెళ్తే "యూట్యూబ్ సెర్చ్" కింద జనం ఏ మాట కొట్టి వచ్చారో కనిపిస్తుంది. నెలకోసారి ఆ జాబితా చదవండి, తర్వాతి వీడియోల ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి. థంబ్‌నెయిల్ చూసినవాళ్ళలో ఎంతమంది నొక్కారన్న శాతం సగం ఛానళ్ళకి 2% నుంచి 10% మధ్యే ఉంటుందని యూట్యూబ్ చెబుతుంది, కాబట్టి నాలుగు శాతం వచ్చిందని బెంగపడకండి. వెబ్‌సైట్‌కైతే, గూగుల్‌లో మీ సైటు ఎలా కనబడుతోందో చూపించే సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ సాధనంలో వీడియో ఇండెక్సింగ్ రిపోర్టు ఉంది. ఏఐ ఓవర్‌వ్యూల నుంచి వచ్చిన క్లిక్కులు మాత్రం అందులో విడిగా కనిపించవు, మామూలు వెబ్ లెక్కలోనే కలిసిపోతాయి. అందుకే ఆమెకి ఒక నోటు పుస్తకం పెట్టుకోమన్నాను. ఫోన్ చేసిన ప్రతివాళ్ళనీ "ఏం వెతికితే మేం దొరికాం?" అని అడిగి, వాళ్ళ మాట వాళ్ళన్నట్టే రాసుకోవాలి.

పాత వీడియోల సంగతి కూడా అడిగింది, తీసేసి మళ్ళీ ఎక్కించాలా అని. తీసేస్తే ఉన్న లింకులూ చూపులూ పోతాయి. వందింటినీ ముట్టుకోవద్దన్నాను. సెర్చ్ నుంచి కొద్దిగానైనా జనం వస్తున్న యూట్యూబ్ వీడియోలు మూడు ఏరి, వాటి టైటిళ్ళు ప్రశ్నల్లా మార్చి, చాప్టర్లు చేర్చి, సబ్‌టైటిల్స్‌లో కాకరకాయలు ఏరేయమన్నాను. మొదటిది మా షాపులోనే కూర్చుని చేసింది. గంటంబావు పట్టింది, రెండు టీలు.